ఇంటి మ్యూజిక్ సర్వర్ చవకైన వైనం

ఇంట్లో పాటలు వినిపించే మ్యూజిక్ సర్వర్ చేసే పనులు మూడు. పాటల ఫైళ్లను ఒకచోట దాచి ఉంచుతుంది. ఏ పాట ఎవరు పాడారు, ఏ ఆల్బమ్‌లోది అన్న పట్టిక కట్టి పెట్టుకుంటుంది. అడిగిన పాటను ఇంటి నెట్‌వర్క్ మీదుగా స్పీకర్ల పక్కనున్న పరికరానికి అందిస్తుంది. ఈ మూడింటినీ ఒకే పెట్టెలో బిగించి, సంగీతప్రియుల కోసమే అంటూ అమ్మిన సరుకు మొదటి నుంచీ ఖరీదైనదే. మూడింటినీ విడదీసి, ఒక్కో పనిని వేరే అవసరం కోసం పుట్టిన చవక వస్తువుకు అప్పజెప్పినవాళ్ల వల్లే సర్వర్ మధ్యతరగతి ఇంటికి చేరింది. పాతికేళ్లు దాటిన ఈ చరిత్రలో కంపెనీలు చాలానే వచ్చి వెళ్లాయి. గట్టిగా నిలిచినవి ఎవరైనా వాడుకోగల ఫైలు పద్ధతులు, ఎవరైనా సరిదిద్దుకోగల ప్రోగ్రాములు.

ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి 1980లో కాంపాక్ట్ డిస్క్ ప్రమాణాలను ఖరారు చేశాయి. 1982 అక్టోబరు 1న సోనీ తన తొలి ప్లేయర్ సీడీపీ-101ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. సీడీ మీద శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల అంకెగా, కుడి ఎడమలకు వేరువేరుగా రాస్తారు. లెక్క కడితే సెకనుకు 14,11,200 బిట్లు. నిమిషం పాటకు పది మెగాబైట్లు దాటుతుంది. 1983లో ఐబీఎం విడుదల చేసిన పీసీ ఎక్స్‌టీలో హార్డ్ డిస్క్ మొత్తం కలిపి 10 మెగాబైట్లే. పల్లవి, అనుపల్లవి దాటి చరణం ఎత్తుకునేలోపే అది నిండిపోతుంది. పాట అంకెలుగా మారిపోయింది గానీ ఆ అంకెలను దాచుకునే చోటు ఇంట్లో ఇంకా లేదు.

1990లలో కంప్యూటర్లకు సీడీ-రామ్ డ్రైవులు వచ్చాక చిక్కు మరో రూపం దాల్చింది. డేటా సీడీలో 2,352 బైట్ల ముక్క ఒక్కోదానిలో 2,048 బైట్లు మాత్రమే సరుకు. మిగిలినవి ఆ ముక్క చిరునామాకు, తప్పులు దిద్దుకోవడానికి. ఆడియో సీడీలో ఆ జాగా అంతా పాటకే పోయింది. అందువల్ల డ్రైవు ఒకచోట ఆగి మళ్లీ అక్కడి నుంచే చదవబోతే కాస్త అటో ఇటో జరిగేది. పాట మధ్యలో ‘టిక్’మన్న చప్పుడు వినిపించేది. సీడీ నుంచి పాటను కంప్యూటర్‌లోకి దించడాన్ని రిప్ చేయడం అంటారు. దాన్ని నమ్మదగిన పనిగా మార్చింది ఆండ్రే వీథాఫ్ అనే జర్మన్ విద్యార్థి 1998లో బయటపెట్టిన ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’. ప్రతి ముక్కనూ ఒకటికి రెండుసార్లు చదివి, రెండూ కలవకపోతే కలిసేదాకా మళ్లీ మళ్లీ చదివే ఉచిత ప్రోగ్రామ్ అది. గీతలు పడిన సీడీ ఒకటి దించడానికి గంటలు పట్టినా, దించినదాన్ని నమ్మవచ్చు.

చోటు సమస్యను తీర్చిన పరిశోధన జర్మనీలోని ఎర్లాంగెన్‌లో జరిగింది. ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం, చెవి ఎలాగూ పట్టించుకోని శబ్దాలను వదిలేసి మిగిలినదాన్ని కుదించే పద్ధతిని తీర్చిదిద్దింది. పెద్ద శబ్దం వినిపిస్తున్నప్పుడు దాని పక్కనే ఉన్న చిన్న శబ్దం చెవికి ఆనదన్న పాత పరిశీలనే దీనికి ఆధారం. ఈ పద్ధతి ఎంపెగ్ ప్రమాణాల్లో భాగమై, 1995 జులైలో ‘ఎంపీ3’ అన్న ఫైలు పేరు ఖాయమైంది. సెకనుకు 128 కిలోబిట్ల వద్ద పాట సీడీలో ఉన్న పరిమాణంలో పదకొండో వంతుకు వచ్చేస్తుంది. నిమిషానికి ఒక మెగాబైట్ చాలు. 1997లో జస్టిన్ ఫ్రాంకెల్ రాసిన వినాంప్ ఈ ఫైళ్లను వినిపించడాన్ని రేడియో పెట్టినంత తేలిక చేసింది.

తెలుగు ఇళ్లలోకి ఈ మార్పు ఎక్కువగా ఎంపీ3 సీడీల రూపంలోనే వచ్చింది. 700 మెగాబైట్ల సీడీ మీద 128 కిలోబిట్ల పాటలు పన్నెండు గంటలకు పైగా పడతాయి, అంటే నూటయాభై పాటలకు అటూఇటూ. బజార్లో తోపుడుబళ్ల మీద అమ్మిన అలాంటి సీడీల్లో హక్కులు కొన్నవి అరుదు, పేర్లు సరిగా ఉన్నవి ఇంకా అరుదు. అయినా చాలామంది తొలి సంగ్రహం అదే. అంతకుముందు కాలపు సంగీతం చాలావరకు క్యాసెట్లలో ఉండిపోయింది. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి దగ్గర దారి లేదు: టేప్ రికార్డర్‌ను లైన్-ఇన్ రంధ్రానికి కలిపి, అరవై నిమిషాల క్యాసెట్‌ను అరవై నిమిషాలూ ఆడించాల్సిందే. ఆ తర్వాత ఒక్కో పాటనూ కోసి పేరు పెట్టాలి. 2000లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన ఉచిత ప్రోగ్రామ్ ఆడాసిటీ ఈ కోతలకు బాగా అక్కరకొచ్చింది.

పేర్ల సంగతి వేరే కథ. సామాన్యంగా ఆడియో సీడీ మీద పాట పేరు గానీ గాయకుడి పేరు గానీ అంకెల రూపంలో ఉండదు. ఎన్ని పాటలు, ఒక్కోటి ఎంతసేపు అన్నది మాత్రమే ఉంటుంది. ఆ నిడివులనే వేలిముద్రగా వాడుకుని సీడీని గుర్తుపట్టే ఆలోచన టి కాన్, స్టీవ్ షెర్ఫ్‌లది. వారు నెలకొల్పిన సీడీడీబీ పట్టికను నింపింది వేలాది మంది శ్రోతలు, ఉచితంగా, ఓపిగ్గా టైపు చేసి. తర్వాత అది వ్యాపార సంస్థ చేతికి పోయి గ్రేస్‌నోట్‌గా మారింది. వాడుకునే ప్రోగ్రాములకు షరతులు మొదలయ్యాయి. తమ శ్రమను తమకే అమ్ముతున్నారన్న కోపం ఊరికే పోలేదు. ఫ్రీడీబీ అనే పోటీ పట్టిక, 2000లో రాబర్ట్ కే మొదలుపెట్టిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఆ కోపం నుంచి పుట్టినవే. ఫ్రీడీబీ 2020లో మూతపడింది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఇప్పటికీ ఇంటి సర్వర్లకు పేర్ల ఖజానా.

సంగీతాన్ని ఇంట్లోనే ఎందుకు దాచుకోవాలి, కంపెనీ దగ్గర ఉంచితే పోదా అన్న ప్రశ్నకు 2000లోనే ఒక న్యాయస్థానం జవాబు చెప్పింది. ఎంపీ3.కామ్ అనే అమెరికన్ సంస్థ వేలకొద్దీ సీడీలను కొని తన సర్వర్లలోకి ఎక్కించింది. శ్రోత తన కంప్యూటర్‌లో అసలు సీడీ పెట్టి చూపిస్తే చాలు, ఆ ఆల్బమ్‌ను ఎక్కడి నుంచైనా వినే వీలిచ్చింది. రికార్డింగ్ కంపెనీలు దావా వేశాయి. సీడీ కొన్నది శ్రోతే అయినా నకలు తీసింది కంపెనీ కాబట్టి అది ఉల్లంఘనేనని న్యూయార్క్ న్యాయస్థానం తేల్చింది. పరిహారాల బరువు కింద ఆ సేవ కుప్పకూలింది. దానికి ముందు ఏడాదే, పాటలను జేబు ప్లేయర్‌లోకి మార్చుకోవడం తప్పుకాదన్న ధోరణిలో మరో అమెరికన్ న్యాయస్థానం డైమండ్ రియో ప్లేయర్ కేసులో తీర్పునిచ్చింది. రెండూ కలిపి చూస్తే ఇంటి గడపే గీతగా మిగిలింది.

ఇతర దేశాల్లో ఆ గీత ఇంత స్పష్టంగా లేదు. బ్రిటన్ 2014 అక్టోబరులో సొంత వాడకానికి నకలు తీసుకోవడాన్ని చట్టబద్ధం చేస్తే, 2015 జులైలో హైకోర్టు ఆ నిబంధనలను కొట్టివేసింది. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప ఏ రచననైనా వ్యక్తిగత వాడకం కోసం న్యాయమైన మేరకు ఉపయోగించుకోవడాన్ని, ఆ ఉద్దేశంతో ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడాన్ని ఉల్లంఘన కాదంది. ధ్వనిముద్రణ మీద హక్కు ఇక్కడ ప్రచురణ తర్వాత అరవై ఏళ్లు. 1950ల నాటి గ్రామఫోన్ రికార్డుల విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటింది. రికార్డు మీది హక్కు వేరు, అందులోని రచన, బాణీల మీది హక్కు వేరు అన్నది గుర్తుంచుకోవాలి.

పాటలు కంప్యూటర్‌లోకి చేరాక మరో ఇబ్బంది ఎదురైంది. మంచి స్పీకర్లు హాల్లో, కంప్యూటర్ పక్కగదిలో. కంప్యూటర్‌నే హాల్లో పెడితే దాని ఫ్యాన్ రొద వీణ కచేరీలోని నిశ్శబ్దాన్నంతా మింగేస్తుంది. ఈ దూరాన్ని కలిపే పెట్టెలు అమెరికాలో 2000, 2001 ప్రాంతాల్లో వచ్చాయి: టర్టిల్ బీచ్ ఆడియోట్రాన్, రియో రిసీవర్, స్లిమ్ డివైసెస్ వారి స్లింపీ3. మొదటి రెండింటి పేర్లు ఇవాళ సంగ్రాహకులకు తప్ప తెలియవు. మూడోది చరిత్ర మలుపు.

స్లిమ్ డివైసెస్‌ను షాన్ ఆడమ్స్ 2000లో కాలిఫోర్నియాలో నెలకొల్పాడు. స్లింపీ3లో హార్డ్ డిస్క్ లేదు, వైఫై లేదు, తెలివి కూడా లేదు. నెట్‌వర్క్ తీగ మీద వచ్చిన ఎంపీ3ని శబ్దంగా మార్చడం, రెండు వరుసల తెరమీద సర్వర్ పంపిన అక్షరాలు చూపడం, రిమోట్ మీట నొక్కితే ఆ సంగతి సర్వర్‌కు చెప్పడం, ఇంతే దాని పని. మెనూలు, పట్టికలు, వెతుకులాట అంతా పక్కగది కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. ఆ ప్రోగ్రామ్‌ను కంపెనీ పెర్ల్ భాషలో రాసి, మూల కోడ్‌తో సహా అందరికీ వదిలేసింది. అప్పట్లో ఇది డబ్బులేని చిన్న కంపెనీ సర్దుబాటుగా కనిపించి ఉండవచ్చు. కానీ మొత్తం కథలో ఇంత దూరం పనికొచ్చిన నిర్ణయం మరొకటి లేదు. కొత్త సదుపాయం కావాలంటే పెట్టె మార్చనక్కర్లేదు, సర్వర్ ప్రోగ్రామ్‌ను మారిస్తే సరిపోతుంది. ఆ మార్పు కంపెనీయే చేయాలన్న నియమం కూడా లేదు. 2003లో వైఫైతో వచ్చిన స్క్వీజ్‌బాక్స్, దాని తర్వాతి తరాలు ఇదే దారిలో నడిచాయి.

ఈలోగా ఫైలు పద్ధతిలోనూ ముఖ్యమైన మార్పు వచ్చింది. జాష్ కోల్సన్ 2000లో మొదలుపెట్టి 2001 జులైలో తొలి పూర్తి రూపం విడుదల చేసిన ఫ్లాక్, పాటలో ఒక్క బిట్ కూడా పోకుండా కుదిస్తుంది. పరిమాణం సీడీలో ఉన్నదానికి సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్య ఉంటుంది. 2003లో జిఫ్ సంస్థ గొడుగు కిందికి వచ్చిన ఈ పద్ధతికి పేటెంట్ రుసుములు లేవు; ఎంపీ3 మీద పేటెంట్లు మాత్రం 2017 వరకు సాగాయి. కర్ణాటక సంగీతం వినేవారికి ఫ్లాక్ వల్ల మరో మేలు జరిగింది. ఎంపీ3 తయారయ్యేటప్పుడు ఫైలు మొదట్లో, చివర్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. కచేరీ సీడీలో ఆలాపన ఒక ట్రాక్, కృతి మరో ట్రాక్ అయితే, శ్రుతి సాగుతుండగానే మధ్యలో చిన్న తెగుడు. సినిమా పాటకు ఇది పట్టింపు కాదు, తంబురా వెనక నడిచే సంగీతానికి మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టే. ఫ్లాక్‌లో ఆ బాధ లేదు. డిస్కులు పెద్దవై, 2007లో హిటాచి 399 డాలర్లకు ఒక టెరాబైట్ డ్రైవును ప్రకటించాక చోటు ఆదా కోసం సంగీతాన్ని నలగ్గొట్టాల్సిన అవసరమే పోయింది. రెండువేల సీడీలైనా ఫ్లాక్‌లో ఆ డిస్క్ మీద దాదాపుగా పట్టేస్తాయి.

పెద్ద కంపెనీలు తమ తమ దారులు తొక్కాయి. ఆపిల్ 2004లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అనే 129 డాలర్ల చిన్న పెట్టెతో ఐట్యూన్స్ పాటలను హాల్లోకి పంపింది, అయితే తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. జేమ్స్ లెయిర్డ్ అనే ప్రోగ్రామర్ 2011లో ఆ రహస్య సంకేతాన్ని బయటకు తీసి షేర్‌పోర్ట్ రాసేదాకా ఆపిల్ అనుమతి లేని పరికరాలకు ప్రవేశం లేదు. సోనోస్ 2005 నుంచి గదిగదికీ పాట పంచే వ్యవస్థను చక్కగా, ఖరీదుగా అమ్మింది. సోనీ, ఇంటెల్ చొరవతో 2003లో ఏర్పడిన డీఎల్ఎన్ఏ కూటమి, ఏ కంపెనీ పరికరమైనా ఏ కంపెనీ పరికరంతోనైనా మాట్లాడాలని ఆశించింది. ఆచరణలో ఒక టీవీకి అర్థమైనది మరో టీవీకి అయ్యేది కాదు; 2017లో కూటమి రద్దయింది.

చవక వైపు అసలు అడుగు వేయించినది సంగీతంతో సంబంధమే లేని పరికరం. 2004లో లింక్‌సిస్ కంపెనీ ఎన్ఎస్ఎల్‌యూ2 అనే అరచేతి పెట్టెను తెచ్చింది. యూఎస్‌బీ హార్డ్ డిస్కులు రెండింటిని తగిలించి ఇంటి నెట్‌వర్క్‌లో పంచుకోవడం దాని ఉద్దేశం. లోపల లినక్స్ నడుస్తోంది. లినక్స్ లైసెన్సు ప్రకారం కంపెనీ మూలాన్ని బయటపెట్టక తప్పలేదు. అక్కడి నుంచి ఔత్సాహికులు దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. అన్‌స్లంగ్ అన్న మార్పుచేసిన వ్యవస్థ ఎక్కించి, ఆ పైన స్లిమ్ డివైసెస్ వారి సర్వర్ ప్రోగ్రామ్ స్లిమ్‌సర్వర్‌ను నడిపారు. ఉన్న మెమరీ 32 మెగాబైట్లే. మొదట్లో వచ్చిన పెట్టెల్లో ప్రాసెసర్‌ను కావాలనే సగం వేగానికి, 133 మెగాహెర్ట్జ్‌కు, కట్టేశారు. బోర్డు మీది ఒక చిన్న రెసిస్టర్‌ను ఊడబెరికితే పూర్తి వేగం వస్తుందని కనిపెట్టినవారు చేతిలో పట్టకారుతో ఆ పనీ చేశారు. అయినా వేల పాటల పట్టిక కట్టమంటే అది గంటల తరబడి తంటాలు పడేది. కానీ ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, రాత్రింబగళ్లు నడిపినా కరెంటు ఖర్చు కొద్ది వాట్లే.

ఆ కొద్ది వాట్ల విలువ లెక్కలో తెలుస్తుంది. పాత డెస్క్‌టాప్ ఊరికే వెలుగుతూ ఉన్నా 60 వాట్లు తాగితే, ఏడాదికి 525 యూనిట్లు. మూడు వాట్ల పెట్టె ఏడాదంతా నడిస్తే 27 యూనిట్లు దాటవు. భారతదేశంలో మొదటి ఇంటి సర్వర్లలో ఎక్కువ భాగం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల భాగాలు కొని బిగించుకున్న పాత డెస్క్‌టాప్‌లే. కొనడానికి చవక, కరెంటు బిల్లులో ఖరీదు.

2006 అక్టోబరులో లాజిటెక్ కంపెనీ స్లిమ్ డివైసెస్‌ను రెండు కోట్ల డాలర్లకు కొనేసింది. అదే ఏడాది వచ్చిన ట్రాన్స్‌పోర్టర్ ధర 1,999 డాలర్లు. చవక పెట్టె తమ్ముడికి ఇంత ఖరీదైన అన్న పుట్టడం విచిత్రమే అయినా, రెంటికీ సర్వర్ ఒకటే. 2010లో వచ్చిన స్క్వీజ్‌బాక్స్ టచ్‌లో యూఎస్‌బీ డిస్క్ తగిలిస్తే చిన్న సర్వర్ దానిలోనే నడిచేది. 2012లో లాజిటెక్ ఈ వరుస మొత్తాన్ని ఆపేసింది. మామూలుగా అయితే కథ అక్కడ ముగిసేది. మూలం బహిరంగంగా ఉన్నందున సర్వర్ ప్రోగ్రామ్ ఆగలేదు. పెట్టె తయారీ నిలిచిపోయినా దాని పనిని అచ్చంగా అనుకరించే స్క్వీజ్‌లైట్ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. దాంతో లినక్స్ నడిచే ఏ వస్తువైనా స్క్వీజ్‌బాక్స్ అయిపోయింది.

అలాంటి వస్తువు అదే సంవత్సరం దొరికింది. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి నుంచి రాస్‌ప్‌బెర్రీ పై వెలువడింది. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలని ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు తలపెట్టిన 35 డాలర్ల బోర్డు అది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వచ్చే శబ్దం నాసిరకం. దాన్ని విని సంగీతానికి పనికిరాదని పక్కన పెట్టినవారున్నారు. అయితే బోర్డు మీద ఐ2ఎస్ అనే సంకేతాన్ని బయటకు ఇచ్చే పిన్నులు ఉన్నాయి. సీడీ ప్లేయర్లలాంటి పరికరాల లోపల ఒక చిప్ నుంచి మరో చిప్‌కు పాటను చేరవేయడానికి ఫిలిప్స్ 1986లో రూపొందించిన పద్ధతి అది. ఆ పిన్నుల మీద కూర్చునే డాక్ బోర్డులను, అంటే అంకెలను శబ్దంగా మార్చే చిప్ ఉన్న చిన్న పలకలను, హైఫైబెర్రీ వంటి కంపెనీలు అమ్మడం మొదలుపెట్టాయి. 2014 జులైలో నలభై పిన్నులతో వచ్చిన బీ ప్లస్ నమూనా తర్వాత టంకం అక్కర్లేకుండా వాటిని ఒత్తి బిగిస్తే సరిపోయింది. వేలల్లో ఖరీదు చేసే సీడీ ప్లేయర్‌కూ ఈ అమరికకూ మధ్య తేడా చెవితో పట్టడం చాలామందికి సాధ్యం కాలేదు. పట్టగలమన్నవారి వాదనలకు అంతు లేదు.

బోర్డు చవకైనంత మాత్రాన పని తేలిక కాదు. దాన్ని తేలిక చేసినవి మెమరీ కార్డు మీదికి ఎక్కిస్తే చాలనిపించే సిద్ధ వ్యవస్థలు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి మికెలాంజెలో గ్వారిసే తెచ్చిన వోల్యూమియో, టిమ్ కర్టిస్ రాసిన మూడ్, స్క్వీజ్ కుటుంబానికి చెందిన పైకోర్‌ప్లేయర్ వాటిలో ప్రసిద్ధం. మొదటి రెండింటి అడుగున ఉన్నది 2003లో వారెన్ డ్యూక్స్ మొదలుపెట్టిన ఎంపీడీ అనే ప్రోగ్రామ్. ముఖమంటూ లేకుండా వెనక కూర్చుని పాడటమే దాని పని, ఏ పాట అన్నది ఫోన్ నుంచో బ్రౌజర్ నుంచో చెప్పాలి. పైకోర్‌ప్లేయర్ విశేషం వేరు. అది కార్డు మీద నడవకుండా మొత్తంగా మెమరీలోకి ఎక్కి నడుస్తుంది, కనుక ఉన్నట్టుండి కరెంటు పోయినా కార్డు చెడదు. కరెంటు కోతలు అలవాటైన ఊళ్లలో ఈ ఒక్క గుణం మిగతా సుగుణాలన్నిటికంటే ఎక్కువ.

పరికరాలు చవకై, ప్రోగ్రాములు ఉచితమై, తెలుగు శ్రోతకు చివరికి మిగిలిన పెద్ద పని పట్టిక. ఇక్కడ పాశ్చాత్య పాప్ సంగీతపు నీడ బలంగా పడింది. 1996లో ఎరిక్ కెంప్ రూపొందించిన ఐడీ3 ట్యాగ్, ఎంపీ3 ఫైలు చివర 128 బైట్లలో ఇమిడేది. పాట పేరుకు 30 బైట్లు, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30. యూనికోడ్‌ను యూటీఎఫ్-8లో రాస్తే తెలుగు వర్ణం, గుణింతపు గుర్తు ఒక్కోదానికి మూడేసి బైట్లు కావాలి. ముప్పై బైట్లలో ఘంటసాల వెంకటేశ్వరరావు అన్న పేరే పట్టదు. 1998లో వచ్చిన రెండో ఐడీ3 యూనికోడ్‌కు తలుపు తెరిచి, స్వరకర్తకు, గీత రచయితకు విడివిడి గడులు కల్పించింది. అప్పటికే అలవాటు స్థిరపడిపోయింది. తెలుగు పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాశారు. బాలసుబ్రహ్మణ్యం అన్న ఒక్క పేరు నాలుగైదు వర్ణక్రమాల్లో ఉంటే సర్వర్‌కు నలుగురైదుగురు గాయకులు కనిపిస్తారు.

అంతకంటే లోతైన చిక్కు ‘ఆర్టిస్ట్’ అన్న గడిలో ఉంది. పాశ్చాత్య రాక్ ఆల్బమ్‌కు కళాకారుడు ఒక్కరే, లేదా ఒక్క బృందం. తెలుగు సినిమా ఆల్బమ్ పేరు సినిమా పేరు; పాటకో గాయకుడు, అందరికీ కలిపి ఒక సంగీత దర్శకుడు, ఒకరిద్దరు కవులు. సరిగా గుర్తు పెట్టకపోతే చాలా సర్వర్లు ఒకే సినిమాను గాయకుల వారీగా నాలుగు ఆల్బమ్‌లుగా ముక్కలు చేస్తాయి. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో సంగీత దర్శకుడి పేరు పెట్టడం చాలామంది కనుక్కున్న ఉపాయం. ఆల్బమ్ ముక్కలు కాకుండా ఉంటుంది, సాలూరి రాజేశ్వరరావు సినిమాలన్నీ ఒకచోటికి చేరతాయి.

అన్నమయ్య సంకీర్తనల దగ్గర ఆ ఉపాయమూ చాలదు. పదం అన్నమయ్యది, బాణీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మది కావచ్చు, బాలకృష్ణప్రసాద్‌ది కావచ్చు, పాడినది మూడో మనిషి. ‘కంపోజర్’ గడిలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఇంటింటికీ మారే తీర్పు. ఫ్లాక్ ఫైళ్లలో గడుల పేర్లను సొంతంగా పెట్టుకోవచ్చు కాబట్టి రాగం, తాళం, బాణీకర్త అని విడిగా రాసుకున్నవారున్నారు. ఆ సొంత గడులను చదివి రాగాల వారీగా వరస పెట్టే సర్వర్లు కొన్నే. మోహనం కావాలన్నప్పుడు మోహనాలన్నీ ఒకచోట కనిపించే పట్టిక తయారవ్వాలంటే కొనాల్సింది ఏమీ లేదు, కూర్చోవాలి. చవక సర్వర్‌లో చవక కానిది ఇదొక్కటే.

2010 తర్వాత నెలవారీ చందా సేవలు ఈ శ్రమ అంతటినీ అనవసరం చేసినట్టు కనిపించాయి. గానా, సావన్ వంటివి, 2019 ఫిబ్రవరిలో భారత్‌కు వచ్చిన స్పాటిఫై ఫోన్‌లోకే పాటల సముద్రాన్ని తెచ్చాయి. చాలా ఇళ్లకు అది చాలు. సొంత సర్వర్ నిలిచినది ఆ సేవల్లో దొరకని వాటి కోసం: రేడియో నుంచి పట్టిన సంగీత నాటకం, పెళ్లిలో రికార్డు చేసిన నాదస్వరం, హక్కుల గొడవల్లో ఒక్కరోజులో మాయమయ్యే ఆల్బమ్‌లు. పరికరాలను నమ్ముకోవడం కూడా కష్టమే అని ఈ కాలమే చూపింది. 2015లో 35 డాలర్లకు వచ్చిన గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో, పాత ఆంప్లిఫయర్‌కు వైఫై ప్రాణం పోసే చక్కటి బిళ్ల, 2019 జనవరికల్లా ఆగిపోయింది. అదే 2015లో వచ్చిన రూన్ చందా మీద నడిచే అందమైన సర్వర్ ప్రోగ్రామ్. చవక అనడానికి లేదు. దానికి ఎదురుగా నావిడ్రోమ్, జెల్లీఫిన్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఇంటి సంగ్రహాన్ని ఊరవతల ఉన్న ఫోన్‌కూ అందిస్తున్నాయి. హైదరాబాద్ ఇంట్లోని డిస్క్ నుంచి డల్లాస్‌లోని కూతురు పాట వినడానికి ఇవి చాలు.

2021 నుంచి 2023 వరకు చిప్‌ల కొరతతో రాస్‌ప్‌బెర్రీ పై దొరకడమే గగనమైంది. ఆ సమయంలో ఆఫీసులు వదిలించుకున్న చిన్న కంప్యూటర్లు, థిన్ క్లయింట్లు దాని స్థానంలోకి వచ్చాయి. మళ్లీ వేరే పనికోసం పుట్టిన వస్తువులే. 2024లో లాజిటెక్ స్క్వీజ్‌బాక్స్‌ల కోసం నడుపుతున్న ఆన్‌లైన్ సేవను మూసేసింది. సర్వర్ ప్రోగ్రామ్ మాత్రం కంపెనీ పేరు వదిలి లిరియన్ మ్యూజిక్ సర్వర్‌గా కొనసాగుతోంది. అదే ఏడాది డిసెంబరులో ఫ్లాక్‌కు ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో స్థానం దక్కింది.

ఇవాళ్టి చవక అమరికలో ఉండేవి ఒక చిన్న బోర్డు లేదా పాత మినీ కంప్యూటర్, ఒక డాక్, ఒక యూఎస్‌బీ డిస్క్, ఇంట్లో అప్పటికే ఉన్న ఆంప్లిఫయర్. జాబితాలో చాలామంది వదిలేసేది రెండో డిస్క్, నకలు కోసం. సీడీ నుంచి దించిన పాట పోతే మళ్లీ దించుకోవచ్చు. క్యాసెట్ నుంచి ఎక్కించింది పోతే మళ్లీ అంతసేపూ ఆడించాలి, అదీ ఆ టేపు ఇంకా తిరుగుతూ ఉంటే.